1968 స్పిట్‌ఫైర్ మార్క్ 3: మెకానికల్ పని ఇంట్లోనే చేద్దామని, ఎక్కడ మొదలుపెట్టాలి? (గుంటూరు)

కొరిటెపాడు_షెడ్డు

అందరికీ నమస్తే. గుంటూరులో ఇంటి షెడ్డులో 1968 ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మార్క్ 3 అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఉంది. ఇంజిన్ నంబరు ఎఫ్‌డీతో మొదలవుతోంది కాబట్టి మార్క్ 3కి రావాల్సిన 1296 సీసీ ఇంజినే అనుకుంటున్నాను. పదకొండేళ్లుగా కదల్లేదు. బాడీ, రంగు సంగతి తర్వాత. ముందు బండి నడవాలి, తొక్కితే ఆగాలి.

ఇప్పటి పరిస్థితి ఇదీ. ప్లగ్గులు తీసి పుల్లీ పట్టి తిప్పితే ఇంజిన్ తిరుగుతోంది. ఎవరైనా క్లచ్ తొక్కితే క్రాంక్ పుల్లీ ముందుకు జరగడం కంటికి కనిపిస్తోంది, వదిలితే అక్కడే ఉంటోంది. బ్రేక్ పెడల్ నేల దాకా పోతోంది, వెనక ఎడమ చక్రం మాత్రం పట్టేసి ఉంది. ముందు సస్పెన్షన్‌లో కింద ఉండే ఇత్తడి ముక్కలకు గ్రీజు నిప్పుల్ ఉంది, లోపల గ్రీజు గట్టిపడి మైనంలా ఉంది. రెండు ఎస్‌యూ కార్బరేటర్లలోనూ పిస్టన్లు కదలట్లేదు. ట్యాంకులో పాత పెట్రోలు వార్నిష్ వాసన కొడుతోంది.

నా దగ్గర ట్రాలీ జాకీ, నాలుగు స్టాండ్లు, మిల్లీమీటర్ పానాల సెట్టు, టార్క్ రించి ఉన్నాయి. కొత్త బ్యాటరీ పెట్టాను. ఈ ఆదివారం కొంచెం ఆయిల్ పోసి ఇంజిన్ స్టార్ట్ చేసి చూద్దామని ఆలోచన.

అడగాలనుకున్నవి: ఏది ముందు, ఏది తర్వాత? ఏ పని ఇంట్లో అవుతుంది, దేన్ని విజయవాడ ఆటోనగర్‌కు పట్టుకెళ్లాలి? ఇక్కడ ఒకరిద్దరు ఈ ఇంజిన్ పక్కన పడేసి మారుతి ఇంజిన్ దించెయ్యమంటున్నారు, అందులో అర్థముందా?

బెజవాడ_లేత్

తమ్ముడూ, ముందు బ్యాటరీ వైరు పీకెయ్. ఆదివారం స్టార్టింగ్ వద్దు. నువ్వు రాసిన వాటిలో అన్నిటికంటే పెద్ద సంగతి ఆ పుల్లీ ముందుకు జరగడం.

ఈ ఇంజిన్‌లో క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే ప్రధాన కడ్డీ, ముందుకీ వెనక్కీ జరక్కుండా ఆపేవి రెండే రెండు వాషర్లు. అరచందమామ ఆకారంలో ఉంటాయి. వెనక చివరి మెయిన్ బేరింగ్‌కు అటొకటి ఇటొకటి బ్లాక్‌లోని గాడిలో కూర్చుంటాయి. థ్రస్ట్ వాషర్లు అంటారు. క్లచ్ తొక్కిన ప్రతిసారీ రిలీజ్ బేరింగ్ క్రాంక్‌ను ముందుకు నెడుతుంది, ఆ బరువంతా వెనక వైపు వాషర్ ఒక్కటే మోస్తుంది. అది అరిగి అరిగి పల్చబడితే గాడిలోంచి జారి సంప్‌లో, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలో పడుతుంది. అప్పుడు క్రాంక్ ఇనుము నేరుగా బ్లాక్ ఇనుముకు రాసుకుంటుంది. అక్కడ బ్లాక్ తినేసిందంటే పెద్ద లేత్ పని, లేదా వేరే బ్లాక్ వెతుక్కోవాలి. నువ్వు ఆదివారం క్లచ్ తొక్కి సెల్ఫ్ కొట్టి ఉంటే, పదకొండేళ్లుగా ఆయిల్ తగలని వాషర్ మీద ఆ బరువంతా పడేది.

కంటితో అంచనా వద్దు, కొలువు. అయస్కాంతం స్టాండుతో డయల్ గేజ్ తెచ్చుకో, ఆటోనగర్‌లో టూల్స్ షాపుల్లో దొరుకుతుంది. గేజ్ ముల్లు పుల్లీ ముఖానికి తాకేలా నిలబెట్టు. టైరు లివరుతో పుల్లీని మెల్లగా వెనక్కి నొక్కి ముల్లు సున్నాకు తెచ్చుకో, తర్వాత ముందుకు లాగి ఎంత కదిలిందో చూడు. 0.10 నుంచి 0.20 మి.మీ. మధ్య ఉండాలి, అంటే 4 నుంచి 8 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). 0.25 దాటితే వాషర్లు మార్చాల్సిందే. కంటికి కనిపిస్తోందంటే నీది దాటే ఉంటుంది.

శుభవార్త ఏంటంటే దీనికి ఇంజిన్ దించక్కర్లేదు. బండి నాలుగు స్టాండ్ల మీదకు ఎక్కించు. స్టాండ్లు ఛాసిస్ రైలు కిందే ఉండాలి, ఫ్లోరు రేకు కింద కాదు. ఆయిల్ వంచి సంప్ విప్పు, వెనక మెయిన్ క్యాప్ విప్పు. వాషర్ ఒక కొసను సన్నటి ఇత్తడి ముక్కతో తోస్తే రెండో వైపు నుంచి జారి బయటికి వస్తుంది. కొత్తది అదే దారిలో లోపలికి. పెట్టేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకో: గాళ్లు కోసి ఉన్న ముఖం క్రాంక్ వైపు ఉండాలి, నున్నటి ఉక్కు వీపు బ్లాక్ వైపు. తిరగేసి పెడితే ఆయిల్ అందదు, కొత్త వాషర్ కూడా త్వరగా పోతుంది. వాషర్లు మామూలు మందంలోనూ, 5 థౌ ఎక్కువ మందంలోనూ వస్తాయి. రెండు జతలూ తెప్పించుకో.

సంప్ తీసిన చోట ఇంకో ఉచ్చు ఉంది. ముందు వైపు సంప్ బోల్టులు ఎక్కేది బ్లాక్‌లోకి కాదు, అల్యూమినియం సీలింగ్ బ్లాక్‌లోకి. ఉక్కు బోల్టుకు బిగించినంత బలం పెడితే అందులో మరలు ఊడొస్తాయి. ఇప్పటికే ఊడి ఉంటే ఆ ముక్క విప్పి తీసుకురా, హెలికాయిల్, అంటే కొత్త మర కోసం లోపల వేసే తీగ చుట్ట, వేయించుకోవచ్చు. పెద్ద పనేం కాదు.

మిల్లీమీటర్ పానాలతో ఈ బండి జోలికి వెళ్లకు. ఇందులో నట్లన్నీ అంగుళాల లెక్క. అర అంగుళం అంటే 12.7 మి.మీ., 13 పానా వేస్తే వదులుగా కూర్చుని మూలలు తినేస్తుంది. తొమ్మిది బై పదహారు అంటే 14.29, దానికి 14 ఎక్కదు, 15 జారుతుంది. ఏడు బై పదహారు, అర, తొమ్మిది బై పదహారు, ఐదు బై ఎనిమిది, మూడు బై నాలుగు, ఈ ఐదు సైజుల రింగు పానాలూ సాకెట్లూ ఉంటే బండిలో ముప్పాతిక పని అవుతుంది.

ఇంజిన్ లోపలి పని కావాలా వద్దా అన్నది కంప్రెషన్ గేజ్ చెబుతుంది. నాలుగు సిలిండర్లూ కొలువు, తర్వాత ఒక్కోదాంట్లో టీస్పూను ఆయిల్ పోసి మళ్లీ కొలువు. ఆయిల్ పోశాక బాగా పెరిగితే రింగులు, బోరు అరిగాయి. పెరగకపోతే వాల్వులు. బోరింగ్‌కు తెచ్చేటట్లయితే పిస్టన్లు చేతిలో పెట్టుకుని రా. స్టాండర్డ్ బోరు 73.7 మి.మీ., స్ట్రోకు 76. పిస్టన్ కొలిచి, తయారీదారు చెప్పిన ఖాళీ కలిపి బోరు కొట్టాలి. ముందు బోరు కొట్టించి తర్వాత పిస్టన్లు ఆర్డర్ పెడితే కుదరదు. బేరింగ్ షెల్స్ కూడా క్రాంక్ కొలిచాకే ఆర్డర్ పెట్టు. ఈ 1296 ఇంజిన్‌లో చిన్న జర్నల్ క్రాంక్, పెద్ద జర్నల్ క్రాంక్ అని రెండు రకాలున్నాయి. జర్నల్ అంటే బేరింగ్‌లో కూర్చునే గుండ్రటి భాగం.

మారుతి ఇంజిన్ ఆలోచన మానుకో. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనల్లో మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చని బండికే ఆ హోదా. నీ బండికి వయసు ఉంది, ఇంజిన్ నంబరు ఉంది. అది పోగొట్టుకోకు.

గ్రీజు_గన్ను

పైన అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజం. కానీ వరసలో నేనైతే ఇంజిన్ కంటే ముందు చక్రాలు చూస్తాను. ఇంజిన్ చెడితే బండి ఆగిపోతుంది. ముందు చక్రం ఊడితే మనిషి పోతాడు.

మీరు ఇత్తడి ముక్క అన్నది ట్రనియన్. అసలైతే కంచు. నిలువుగా ఉండే ఉక్కు కడ్డీ, అదే వర్టికల్ లింక్, కింది కొసన మర తీసి ఉంటుంది. అది ఈ కంచు ట్రనియన్‌లోకి మరలా ఎక్కి ఉంటుంది. స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ చక్రం తిరిగేది ఈ మర మీదే. మామూలు బండ్లలో కింద బాల్ జాయింట్ ఉండే చోట ఇక్కడ మర ఉందన్నమాట. దానికి వేయాల్సింది గ్రీజు కాదు, ఇ.పి. 90 గేర్ ఆయిల్. ఆయిల్ మర సందుల్లోంచి పైదాకా పాకుతుంది, తేమను బయటికి నెడుతుంది. గ్రీజు కొట్టితే అడుగునే ముద్దగా కూర్చుంటుంది, పై మరలకు ఎక్కదు. వానాకాలం నీళ్లు పైనుంచి దిగుతాయి. కంచుకేం కాదు, ఉక్కు మర తుప్పు పట్టి గుంటలు పడుతుంది. ఆ గుంట దగ్గర సన్నటి పగులు మొదలై ఒకరోజు కడ్డీ తెగుతుంది. తెగేది ట్రనియన్ పై అంచు దగ్గరే, అదీ చాలావరకు మెల్లగా వెళుతూ స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు. చక్రం లోపలికి మడుచుకుని బండి ముక్కు నేలకు తగులుతుంది.

మీది గ్రీజు గట్టిపడిందని రాశారు. కాబట్టి కొత్త ఆయిల్ కొట్టి వదిలేస్తే చాలదు, రెండు వైపులా విప్పాల్సిందే.

చక్రం, కాలిపర్, హబ్ తీశాక కింది విష్‌బోన్ (చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే చేయి) బోల్టు లాగితే ట్రనియన్ వదులవుతుంది. బోల్టు తుప్పుతో లోపలి ఉక్కు గొట్టానికి అతుక్కుపోయి రాకపోవచ్చు. సుత్తి ఎత్తకండి. రెండు రోజులు పెనెట్రేటింగ్ ఆయిల్ పోస్తూ ఉండండి. అప్పటికీ రాకపోతే ట్రనియన్‌కూ విష్‌బోన్‌కూ మధ్య సందులో హాక్సా ఆకు పెట్టి బోల్టు కోసెయ్యండి. బోల్టు, నైలాన్ బుష్షులు, గొట్టం ఎలాగూ కొత్తవే వేయాలి. ట్రనియన్‌ను వర్టికల్ లింక్ నుంచి మర తిప్పి తీసేటప్పుడు గమనించండి: కుడి ఎడమలకు మర ఒకే దిక్కు కాదు, ఒకదానికొకటి ఎదురు. రానిదాన్ని తప్పు దిక్కుకు బలంగా తిప్పి పాడుచేసుకోకండి. తీసిన వెంటనే ఏది ఏ వైపుదో పెయింటుతో గుర్తు పెట్టండి.

ఇప్పుడు అసలు పరీక్ష. వర్టికల్ లింక్ మరను కిరసనాయిల్లో నానబెట్టి వైరు బ్రష్‌తో తళతళలాడేదాకా తోమండి. ఎండలో నిలబడి భూతద్దంతో ఒక్కో మర గాడి చూడండి. కంటికి బాగున్నా డై పెనెట్రాంట్ వేయండి. వెల్డింగ్ సామాను షాపుల్లో మూడు స్ప్రే డబ్బాల సెట్టుగా అమ్ముతారు. క్లీనర్‌తో తుడిచి, ఎర్ర రంగు కొట్టి పది పదిహేను నిమిషాలు ఆగి, పైపైన తుడిచేసి, తెల్ల డెవలపర్ కొట్టాలి. పగులుంటే తెల్లటి పూత మీద ఎర్రటి గీత సన్నగా ఊరుతుంది. గీత కనిపించినా, మర గాడి అడుగున గుంటలున్నా ఆ లింక్ పక్కన పెట్టెయ్యండి.

తిరిగి బిగించేటప్పుడు ట్రనియన్ లోపల ఇ.పి. 90 నింపి, రబ్బరు సీలు పైన వేసి, మర చివరిదాకా ఎక్కించి, అక్కణ్ణుంచి ఒక చుట్టు లోపు వెనక్కి తిప్పాలి. స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకు పోయేంత స్వేచ్ఛ ఉండాలి. చివరిదాకా బిగించి వదిలేస్తే పూర్తిగా తిప్పినప్పుడు మర అడుగు తన్ని పగులుతుంది.

ఆ తర్వాత ప్రత్యేకంగా ఒక గ్రీజు గన్ను కొని, కడిగి, అందులో గేర్ ఆయిలే నింపి పెట్టుకోండి. గన్ను మీద పెద్ద అక్షరాలతో ఆయిల్ అని రాయండి, ఎవరో వచ్చి అందులో గ్రీజు కూరకుండా. చక్రం గాల్లోకి లేపి, పైన సీలు పక్కనుంచి ఆయిల్ ఊరేదాకా కొట్టండి. కంపెనీ 6,000 మైళ్లకు ఒకసారి అంది. మన వానలకు మృగశిర ముందు ఒకసారి, దీపావళి అయ్యాక ఒకసారి కొడితే లెక్క సరిపోతుంది.

బ్రేకులు. ముందు 9 అంగుళాల డిస్కు, వెనక 7 అంగుళాల డ్రమ్ము, మొత్తానికి ఒకటే సర్క్యూట్. అంటే ఎక్కడ ఒక పైపు పగిలినా నాలుగు చక్రాలకూ బ్రేకు ఉండదు, చేతి బ్రేకు తప్ప. కాబట్టి ఇందులో పాతది ఏదీ ఉంచకండి. మాస్టర్ సిలిండర్, వెనక వీల్ సిలిండర్లు, రబ్బరు గొట్టాలు కొత్తవి. ఇనుప పైపుల బదులు మూడు బై పదహారు అంగుళాల కాపర్ నికెల్ పైపు. వెనక చక్రం పట్టేయడానికి వీల్ సిలిండర్ పిస్టన్ తుప్పు గానీ, చేతి బ్రేకు లివర్ బిగుసుకోవడం గానీ కారణం. అడ్జస్టర్ పూర్తిగా వదులు చేసి, డ్రమ్ము చుట్టూ చెక్కసుత్తితో తడితే వస్తుంది. పాత లైనింగ్‌లో ఆస్బెస్టాస్ ఉంటుంది. దుమ్మును గాలితో ఊదకండి, నీళ్లు చల్లి తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను ప్లాస్టిక్ సంచిలో గట్టిగా కట్టేయండి.

కాలిపర్ పిస్టన్లు గాలి పెట్టి తోయాలి. మధ్యలో చెక్కముక్క పెట్టండి, గాలి కొద్దికొద్దిగా వదలండి, వేళ్లు పెట్టకండి. క్రోమ్ మీద చీమ తలంత గుంట ఉన్నా ఆ పిస్టన్ పనికిరాదు, సీలు అక్కడే కారుతుంది. స్టెయిన్‌లెస్‌వి వేయండి. కాలిపర్ రెండు సగాలను విడదీయకండి. రబ్బరు ముక్కలు పెట్రోలుతో, డీజిల్‌తో కడగకండి, ఉబ్బుతాయి. బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి.

ఇక్కడ ఆటోనగర్‌లో చాలామంది చేసే పొరపాటొకటి. ఈ బండి బ్రేకు పైపు నట్టు మూడు బై ఎనిమిది అంగుళాలు, అంగుళానికి 24 మరలు. మన మారుతీ పైపు నట్టు 10 మి.మీ., మరకూ మరకూ ఒక మిల్లీమీటరు. వ్యాసంలో తేడా అర మిల్లీమీటరు కూడా లేదు. ఒకదాంట్లో ఇంకొకటి రెండు మూడు చుట్లు ఎక్కుతుంది, బిగిసినట్టే ఉంటుంది, గట్టిగా తొక్కిన రోజు ఊడుతుంది. దొరికిన నట్టు వేయకండి. పిచ్ గేజ్ పెట్టి చూశాకే వేయండి.

డాట్ 4 ఆయిల్ పోసి, మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టి గాలి తీయండి. రెండేళ్లకోసారి మార్చండి. మన కోస్తా తేమకు అంతకంటే ఆగకూడదు.

జెట్టూ_సూదీ

పెట్రోలు వైపు నేను చెబుతానండీ.

ట్యాంకు దించండి. పాత పెట్రోలు వంచి, రెండుసార్లు సబ్బు నీళ్లతో కడిగి, గుప్పెడు నట్లూ చిన్న గొలుసు ముక్కా వేసి బాగా ఊపండి. తుప్పు మిగిలితే పది లీటర్ల నీళ్లకు ముప్పావు కిలో నిమ్మ ఉప్పు కలిపి నింపి ఒక రాత్రి ఉంచి, వంటసోడా నీళ్లతో కడిగి, వెంటనే గాలి కొట్టి ఆరబెట్టండి. ఆరడం ఆలస్యమైతే గంటలో మళ్లీ ఎర్రబడుతుంది. కన్నం కనిపించినా ట్యాంకుకు ఇంట్లో వెల్డింగ్ పెట్టకండి. ఖాళీ ట్యాంకులోని ఆవిరి, నిండు ట్యాంకు కంటే ప్రమాదం.

ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ పెట్రోలు. పాత రబ్బరు గొట్టాలు దీనికి మెత్తబడి, పగిలి, నల్లటి పొడిగా రాలుతాయి. గొట్టం మీద జె30 ఆర్9 అని ముద్ర ఉన్నదే కొనండి. మెకానికల్ పంపులో డయాఫ్రం, ఫ్లోటు వాల్వు సూదులు కూడా ఇథనాల్‌కు ఆగేవి వేయండి. ఇథనాల్ పాత బంకను కరిగించి తెస్తుంది కాబట్టి పంపు ముందు ఫిల్టరు పెట్టి, మొదటి రెండు ట్యాంకుల తర్వాత మార్చండి.

కార్బరేటర్లు జంట ఎస్‌యూ హెచ్ఎస్2. పిస్టన్ ఇరుక్కుంటే పై డోమ్ మీద గుర్తు పెట్టి స్క్రూలు విప్పి ఎత్తండి. ఏ డోమ్‌కు ఆ పిస్టనే, రెండు కార్బరేటర్ల సామాను కలపకండి. సూది వంగకుండా జాగ్రత్త. డోమ్ లోపల ఎమెరీ పేపర్ పెట్టి రుద్దొద్దు, క్లీనరూ గుడ్డా చాలు. ఆ సందు మీదే కార్బరేటర్ పనంతా ఆధారపడి ఉంది. తిరిగి పెట్టాక వేలితో పిస్టన్ ఎత్తి వదిలితే టక్కుమని అడుగు తాకిన చప్పుడు వినబడాలి. వినబడకపోతే జెట్టు సూదికి సూటిగా లేదు, సెంటర్ చేయాలి. డ్యాంపర్‌లో 20డబ్ల్యూ50 ఇంజిన్ ఆయిలే పోయండి.

థ్రాటిల్ కడ్డీని పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. ఆడుతుంటే అక్కణ్ణుంచి దొంగగాలి లోపలికి పోతుంది, ఎన్నిసార్లు ట్యూనింగ్ చేసినా ఐడిలింగ్ నిలవదు. కడ్డీలు మార్చి, బాడీకి బుష్షులు వేయించండి. ఈ పని లేత్‌లోనే.

మొదటి సెట్టింగుకు జెట్టును బ్రిడ్జితో (కార్బరేటర్ గొంతులో జెట్టు చుట్టూ ఉన్న అడుగు గట్టు) సమంగా తెచ్చి, అక్కణ్ణుంచి నట్టు 12 పలకలు కిందికి తిప్పండి, అంటే రెండు చుట్లు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంది కాబట్టి అదే గాలికి ఏడెనిమిది శాతం ఎక్కువ పెట్రోలు కావాలి. అందుకే పాత పుస్తకాల సెట్టింగు దగ్గర ఇంజిన్ పేలవంగా నడుస్తుంది, ఇంకో రెండు మూడు పలకలు కిందికి పోవాల్సి వస్తుంది. లింకేజీ క్లాంపులు వదులు చేసి, సన్నటి రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, రెండోది కార్బరేటర్ నోట్లో పెట్టి విని రెంటి గాలి చప్పుడూ సమం చేయండి. తర్వాత ఇంజిన్ వేడి మీద పిస్టన్‌ను అర మిల్లీమీటరు పైచిలుకు ఎత్తండి. వేగం కాసేపు పెరిగి సర్దుకుంటే మిశ్రమం సరి. పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ. ఆగబోతే తక్కువ.

ఇంకోటి, మన ఎండ. ఈ ఇంజిన్‌లో సైలెన్సర్ మానిఫోల్డు, కార్బరేటర్లు ఒకే పక్కన ఉంటాయి. రోహిణి కార్తెలో బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్‌లో ఆగితే ఫ్లోటు గిన్నెలో పెట్రోలు కాగుతుంది, వదిలాక ఇంజిన్ తడబడి ఆగుతుంది. కార్బరేటర్ల వెనక రేకు కవచం, మానిఫోల్డుకు మధ్య వేడి ఆపే మందపాటి స్పేసర్, పెట్రోలు పైపు సైలెన్సర్‌కు దూరంగా, ఈ మూడూ ఉండాలి. కరెంటు పంపు పెట్టుకోవాలనిపిస్తే 3 పి.ఎస్.ఐ. దాటనిదే పెట్టండి. అంతకుమించితే ఫ్లోటు సూది ఆపలేక పెట్రోలు ఓవర్ అవుతుంది.

నీళ్ల_పంపు

ఒక్క మాట కలుపుతాను. రేడియేటర్‌లో గుంటూరు బోరు నీళ్లు పోయకండి, సున్నం గడుతుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపి పోయండి. దానికి ముందు బ్లాక్ పక్కన వెనకగా ఉన్న డ్రెయిన్ కుళాయి పూర్తిగా ఊడదీయండి. నీళ్లు రాకపోతే సంతోషించకండి, లోపల బురద అడ్డం ఉంది. సైకిల్ ఊచతో పొడిచి, పైనుంచి పైపు పెట్టి నీళ్లు తేటగా వచ్చేదాకా వదలండి. ఈ ఇంజిన్లలో బురదంతా నాలుగో సిలిండర్ చుట్టూ చేరుతుంది, వేడెక్కేది కూడా అక్కడే. గేజ్ మాత్రం ముందు వైపు నీళ్ల వేడి చూపిస్తుంది కాబట్టి సూది మామూలుగానే ఉంటుంది.

గేర్‌బాక్స్‌లో ఆయిల్ పోసేటప్పుడు జి.ఎల్. 4 రకం అడగండి. జి.ఎల్. 5 ఇత్తడి సింక్రో రింగులను తినొచ్చు. డిఫరెన్షియల్‌కు మామూలు ఇ.పి. 90 చాలు, అర లీటరు పైచిలుకు పడుతుంది. గేర్‌బాక్స్ దించాల్సి వస్తే కింద పడుకోనక్కర్లేదు, సీట్లూ మధ్య టన్నెల్ కవరూ తీస్తే కారు లోపల్నుంచే పైకి వస్తుంది.

కొరిటెపాడు_షెడ్డు

అందరికీ చాలా చాలా థాంక్స్. బ్యాటరీ పీకేశాను, అంగుళాల పానాలు తెచ్చాను. డయల్ గేజ్‌తో మూడుసార్లు కొలిస్తే మూడుసార్లూ 0.42 మి.మీ. వచ్చింది. సంప్ దించాను, వాషర్లు రెండూ గాడిలోనే ఉన్నాయి, వెనకది పల్చబడింది. బ్లాక్ ముఖం నున్నగానే ఉంది.

ముందు సస్పెన్షన్ రెండు వైపులా విప్పాను. కుడి లింక్‌లో ఏమీ కనిపించలేదు. ఎడమ దాంట్లో పైనుంచి రెండో మర గాడిలో గుంటలున్నాయి, డై వేస్తే వెంట్రుకంత ఎర్ర గీత వచ్చింది. దీన్ని వెల్డింగ్‌తో నింపి లేత్ మీద మళ్లీ మర కోయించవచ్చా? ఇంజిన్ విషయంలో ఒక్క 5 థౌ వాషర్ వేస్తే సరిపోతుందా?

బెజవాడ_లేత్

లింక్‌కు వెల్డింగ్ వద్దు తమ్ముడూ. ఎవరు చేస్తామన్నా చేయించకు. అది ఫోర్జింగ్ చేసి గట్టిపరిచిన ఉక్కు. వెల్డింగ్ వేడికి ఆ చుట్టూ ఉక్కు గుణం మారి పెళుసెక్కుతుంది, నువ్వు చూసిన పగులు పక్కన కనిపించని పగులు తయారవుతుంది. మర అందంగా కోసి ఇవ్వగలం, కానీ దాని మీద చక్రం నిలబెట్టకూడదు. కొత్త లింక్, కొత్త ట్రనియన్ కలిపి తెప్పించు. కుడివైపు లింక్ ఉంచుకోవచ్చు, ట్రనియన్ మాత్రం కొత్తదే వెయ్. పాత స్టాండర్డ్ హెరాల్డ్ సామాను ఎవరైనా ఇస్తామంటే ఆశపడొద్దు. మద్రాసులో తయారైన ఆ బండి అమరిక ఇదే, కానీ నీ డిస్కు బ్రేకులకు సరిపోయే లింకేనా కాదా అని పక్కపక్కన పెట్టి కొలవకుండా ఏదీ కొనకు.

వాషర్ల లెక్క ఇలా చెయ్. ముందు కొత్త మామూలు వాషర్లు రెండూ వేసి, క్యాప్ బిగించి, మళ్లీ కొలువు. ఉదాహరణకు 0.25 వచ్చిందనుకో, వెనక వైపు ఒక్కటి తీసి 5 థౌ మందంది వెయ్. 5 థౌ అంటే 0.127 మి.మీ., కాబట్టి 0.12 దగ్గర నిలుస్తుంది, సరైన హద్దులో ఉన్నట్టే. 0.10 కంటే తక్కువ వస్తే మందం వాషర్ ఉక్కు వీపును గాజు పలక మీద పరిచిన 400 నంబరు ఎమెరీ పేపర్ మీద ఎనిమిది అంకె ఆకారంలో రుద్ది తగ్గించు, గాళ్లున్న ముఖం ముట్టుకోకు. మైక్రోమీటర్‌తో మూడు చోట్ల కొలుస్తూ రుద్దు.

సంప్ ఎలాగూ దిగింది కాబట్టి ఒక బిగ్ ఎండ్ క్యాప్ (కనెక్టింగ్ రాడ్ క్రాంక్‌ను పట్టుకునే చోటి మూత) విప్పి లోపలి బేరింగ్ షెల్ చూడు. బూడిద రంగులో సమంగా ఉంటే మంచిది. రాగి రంగు కనిపిస్తే నాలుగు జతలూ మార్చు.

స్టార్ట్ చేసేటప్పుడు వరస ఇది. కొత్త ఫిల్టరు, 20డబ్ల్యూ50 ఆయిల్ నాలుగున్నర లీటర్లు, జింక్ ఎక్కువున్న రకమైతే మేలు. రాకర్ కవర్ తీసి రాకర్ల మీద, పుష్ రాడ్ల మీద ఆయిల్ ధారగా పొయ్. టాపెట్ల (వాల్వుల) సందు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు అన్నిటికీ 0.25 మి.మీ. తొమ్మిది లెక్క గుర్తుంచుకో: ఒకటో వాల్వు పూర్తిగా దిగినప్పుడు ఎనిమిదోది సెట్ చెయ్యాలి, రెండోది దిగినప్పుడు ఏడోది, అలా కూడితే తొమ్మిది రావాలి. ప్లగ్గులు తీసేసి, కాయిల్ వైరు పీకి, గేర్ న్యూట్రల్‌లో పెట్టి, క్లచ్ తొక్కకుండా సెల్ఫ్ కొట్టు. పది సెకన్లు కొట్టి అర నిమిషం ఆగు. ఆయిల్ లైటు ఆరేదాకా అలాగే. ఆరాకే ప్లగ్గులు బిగించు, సందు 0.64 మి.మీ. ఫైరింగ్ వరస 1-3-4-2.

హెడ్ నట్లు ముందే విప్పి ఉంటే మధ్య నుంచి బయటికి విడతలుగా 42 నుంచి 46 పౌండ్ అడుగుల దాకా బిగించు. ఒకసారి వేడెక్కి పూర్తిగా చల్లారాక మళ్లీ చూసి, టాపెట్లు మళ్లీ సెట్ చెయ్.

ఆయిల్ ఎక్కువ కావాలని హెడ్ వెనక నుంచి రాకర్ షాఫ్టుకు బయటి పైపు కిట్టు అమ్ముతారు, అది కొనకు. పైకి వెళ్లే ఆయిల్ కింద మెయిన్ బేరింగ్‌ల వాటాలోంచే పోతుంది.

దారిలో నడిపేటప్పుడు సిగ్నల్ దగ్గర గేర్‌లో పెట్టి క్లచ్ తొక్కి నిలబడొద్దు. న్యూట్రల్ చేసి కాలు తియ్. మొదటి 500 కిలోమీటర్లకు ఆయిల్ మార్చు, వంచిన ఆయిల్లోకి అయస్కాంతం దించి చూడు, ఆ రోజే డయల్ గేజ్ మళ్లీ పుల్లీకి పెట్టి ఎంత ఉందో ఇక్కడ రాయి.